ఎక్కిన రేవులోనే దిగవలెను

విహారం 1,597వ రోజు

ఈ పుస్తకాన్ని ఓడ వాళ్ళు మనిషికొకటి ఇచ్చారు. అట్ట మీద ‘నా విహార జ్ఞాపకాలు’ అని బంగారు అక్షరాలు. ప్రతి పేజీ అడుగునా ఒకే ప్రశ్న అచ్చేసి ఉంటుంది: ఈ రోజు మిమ్మల్ని నవ్వించిన సంగతి ఒకటి రాయండి. మా వరసలో అందరూ దీన్ని బొద్దింకల్ని కొట్టడానికి వాడుతున్నారు. బైరి కూర్మారావు అనే నేనొక్కణ్ణే రాస్తున్నాను. ఏడో తరగతి దాకా వెలగబెట్టాను కదా, ఆ గీర ఊరుకోనివ్వదు.

నా పని తువ్వాళ్ళ గదిలో. రోజుకి రెండు వందల తువ్వాళ్ళు మడత పెట్టి ఏనుగులు, హంసలు, పీతలు చెయ్యాలి. పొద్దున్నే ప్రతి మంచం మీదా ఒక తువ్వాలు జంతువు కూర్చోవాలి. కూర్చోకపోతే ఇది విహారనౌక కిందకి రాదట, ఉత్త ఓడ అయిపోతుందట. ఉత్త ఓడ అయితే మేము యాత్రికులం కాము. యాత్రికులం కాకపోతే మేమేమిటో రాసుకోవడానికి ఏ రేవు కాగితంలోనూ గడి లేదు. సముద్రం ఊళ్ళ మీదకి వచ్చినప్పుడు ఆఫీసు వాళ్ళకి దొరికిన దారి ఇదొక్కటే. జీడిపిక్కలు కొట్టేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు, పదకొండు వందల మంది ఒకే పూట సరదాగా షికారుకి బయలుదేరినట్టు రాసేశారు. నాలుగేళ్ళు దాటింది, ఇంకా షికారు చేస్తూనే ఉన్నాం.

మా నవ్వులకీ లెక్కుంది. నడవా గోడలకి చిన్న డబ్బాలు బిగించారు. మేము వాటిని చెవులు అంటాం. ఎవరెన్నిసార్లు నవ్విందీ అవి వింటాయి, నవ్వు దొరికితే వాటి పచ్చ దీపం ఎర్రగా మారుతుంది. రోజుకి మూడు వందల నవ్వులు పడకపోతే యాత్రికులు సంతోషంగా లేరని రేవుల వాళ్ళు అనుమానపడతారు. ఆ మూడు వందల్లో సగం నేను పుట్టించినవే. నేను నవ్వితే మూడు తలుపుల అవతలికి వినిపిస్తుంది.

నా గదిలో ఉండే తవుడు పూర్వం బస్సు కండక్టరు. నవ్వడు, ఏది చెప్పినా నమ్ముతాడు. నిన్న వాడికి చెప్పాను, మంచం మీది ఏనుగుకి రోజూ ఒక అరటిపండు పెట్టాలని కొత్త రూలు వచ్చిందని. వాడు తన పలహారం పండు తీసి తొండం ముందు పెట్టి స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తొక్క ఉంది.

“తిన్నాదిరా కూర్మం,” అన్నాడు, చాలా మర్యాదగా.

ఈ రోజు నన్ను నవ్వించిన సంగతి ఇదే. పండు కూడా బాగుంది.


విహారం 1,603వ రోజు

భావనపాడు వచ్చింది. వచ్చింది అంటే, అది ఉండాల్సిన చోటికి మేమొచ్చాం. ఇరవయ్యెనిమిది రోజులకోసారి వస్తాం. మా కార్డుల వెనకాల ఎర్రగా అచ్చేసి ఉంది: ఎక్కిన రేవులోనే దిగవలెను. పాస్‌పోర్టులు ఉన్నవాళ్ళయితే ఎక్కడైనా దిగొచ్చు. మాకిచ్చినవి షికారు కార్డులు. బయలుదేరిన చోటికే తిరిగొస్తామని ఒప్పుకున్నవాళ్ళకి ఇచ్చే కార్డులు.

ఓడ ఆగింది. కూత వేసింది. పక్క తలుపు తెరిచి నిచ్చెన దించారు. నిచ్చెన చివర నీళ్ళు. దూరంగా మంచినీళ్ళ ట్యాంకు నెత్తి ఒక్కటీ కనిపిస్తుంది, దాని మీద కొంగలు. మైకులో ఆడగొంతు చెప్పింది: “మీ ప్రయాణం సుఖంగా ముగిసింది. దయచేసి మీ సామాను మరచిపోకండి.”

మా వదిన దాలమ్మ ఓడ అంచు కటకటాలు పట్టుకుని నిలబడింది. మొహం పొద్దున్నే ఉబ్బి ఉంది. కిడ్నీలు పోయి మూడేళ్ళు.

“ఏటి వదినా, దిగవా? నీ ఊరే కదా,” అన్నాను.

“ముందు నువ్వు దిగరా మరిదీ. లోతెంతుందో సెప్పు, ఆనక నానొస్తాను.”

గంట తర్వాత తలుపు మూశారు. దిగని వాళ్ళందరి పేర్లకీ ఎదురుగా ‘ఇష్టపూర్వకంగా విహారం పొడిగించుకున్నారు’ అని రాసుకున్నారు.

ఇక్కడ దిగినవాడు మా అన్న సన్నాసిరావు ఒక్కడే. వాడికీ కిడ్నీలే. వాణ్ణి తువ్వాళ్ళలో చుట్టి ఈ నిచ్చెన మీంచే నీళ్ళలోకి దించాం. ఎక్కిన రేవులోనే దిగాడు, కాబట్టి పదకొండు వందల మందిలో కాగితాలు సరిగ్గా ఉన్న యాత్రికుడు వాడే. ఆ రోజు నుంచి వదిన నవ్వడం మానేసింది. కసురుతుంది, తిడుతుంది, నాకు ముద్ద ఎక్కువ పెడుతుంది. నవ్వు మాత్రం రాదు.

నవ్వించిన సంగతి: లోతెంతుందో చెప్పమంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.


విహారం 1,608వ రోజు

ఓడలో మూడు డయాలసిస్ మిషన్లు ఉండేవి. రెండోది కూడా నిన్న ఆగిపోయింది. మిగిలినదానికి నలభై మంది. వదినకి పది రోజులకోసారి వంతు వస్తుందట, అదీ సగం సేపు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ఏడో రేవులో పెద్దాసుపత్రి ఉంది, ఎక్కిన రేవు కాకపోయినా గుర్తింపు కుదిరిన రోగుల్ని దింపుకుంటారు, తోడు మాత్రం ఎవరినీ రానివ్వరు.

“ఇక్కడే ఉంటే ఎన్నాళ్ళండీ?” అన్నాను.

“రెండు నెలలు ఉంటే నా అదృష్టం,” అందావిడ. తన అదృష్టం అంది, వదినది అనలేదు.

పత్రాల కౌంటరుకి వెళ్ళాను. అక్కడ బెహరా గారని ఒక ఉద్యోగి ఉంటాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కా లోపల హ్యాంగరు మర్చిపోయినట్టు ఉంటాడు. మేము యాత్రికులం కాబట్టి మమ్మల్ని ‘అతిథిగారూ’ అనే పిలవాలి వాడు. అలా పిలిచి మరీ కాదంటాడు.

“రెండు సంగతులు, అతిథిగారూ. ఒకటి, దిగే రోజుకి కార్డు గడువు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి. మీ అందరి కార్డులూ ఒకే రోజు పుట్టాయి. 1,646వ రోజు దాటితే ఎవరికీ ఆరు నెలలు మిగలవు.”

“కొత్త కార్డు ఇవ్వరా?”

“ఎక్కిన రేవులో ఇస్తారు.”

“ట్యాంకు మీద కొంగల్ని అడగాలన్నమాట. రెండోది?”

“నవ్వు సరిపోవాలి.”

ఏడో రేవుకి ఓడ 1,611న వెళ్తుంది, మళ్ళీ 1,639న. ఆ తర్వాత వెళ్ళేది 1,667న. అంటే వదినకి రెండే అవకాశాలు.

నవ్వు సంగతి ఇక్కడ రాయాలి. ఎక్కేటప్పుడు మా వేలిముద్రలు తీద్దామని చూశారు. జీడిపిక్కల నూనె ముప్పయ్యేళ్ళు తిన్న వేళ్ళు, అద్దంలా నున్నగా ఉన్నాయి. మొహాలు తీద్దామంటే మాలో చాలామందివి కిడ్నీలు పోయిన మొహాలు, నెలకోలా ఉబ్బుతాయి. గొంతుని ఎవరైనా అనుకరిస్తారట. ఏడుపులు అందరివీ ఒకటేనట. మనస్ఫూర్తిగా వచ్చిన నవ్వు మాత్రం ఎవరిది వాళ్ళదేనట. అందుకని ఓడలోనే తెర కట్టిన గదిలోకి ఒక్కొక్కర్నీ పంపి యంత్రం ముందు నవ్వమన్నారు. ఇళ్ళు మునిగిన మూడో రోజది.


విహారం 1,611వ రోజు

మూడు రోజుల నుంచి వదినని నవ్వించడానికి చెయ్యని వెధవ పని లేదు. బెహరా గారి కుర్చీ మీద తువ్వాలు పీతని పెట్టాను. తవుడు చేత ఏనుగుకి పండు వలిపించాను. వదిన చూసి, “ఆ ముండాకొడుకుని ఎందుకురా ఏడిపిత్తావు,” అంది.

ఈ రోజు ఏడో రేవు వచ్చింది, ఓడలో నవ్వులు సరిచూసే గది బయట వరసలో నిలబడ్డప్పుడు దారి తోచింది. వదిన లోపలికి వెళ్ళగానే తెర వెనక నుంచి మేకలా అరిచాను. “మే.”

దాని వెనక కథ ఉంది. అన్న పెళ్ళిలో వాడి ఉత్తరీయం కొస తీసి మేకకి కట్టాను. అరుంధతిని చూపించడానికి ఇద్దర్నీ లేపేసరికి మేక కూడా లేచి వెంట వచ్చింది. పంతులుగారికి చూపు ఆనదు. ముగ్గురికీ చుక్క చూపించాడు. ఓడ ఎక్కిన రోజున కూడా వదినకి నవ్వు రాకపోతే నేను ఇదే తెర వెనక మేకలా అరిచాను. వదిన విరగబడి నవ్వింది. ఆ నవ్వుతోనే గుర్తింపు పడింది.

ఇప్పుడు కూడా వచ్చింది. చిన్నదే, దగ్గులాంటి నవ్వు. కానీ నిజమైనది. యంత్రం కాసేపు గిరగిర తిరిగి పలికింది: “సగం సరిపోయింది. ప్రవేశం లేదు.”

బెహరా గారు పాత నవ్వు తీసి వినిపించాడు, ఎక్కడ తేడా ఉందో చూద్దామని. యంత్రం డబ్బాలోంచి ముందు ‘మే’ అని వచ్చింది. తర్వాత వదిన నవ్వు, నాలుగేళ్ళ కిందటిది, గజ్జెలమూట దొర్లినట్టు. దాని మీద నా నవ్వు. నా జోకుకి నేనే ముందు నవ్వుతాను, అది నా జబ్బు. ఇద్దరివీ కలిసి ఒకటే మోత. యంత్రం రెండింటినీ కలిపి దాలమ్మ అని రాసుకుంది. వెనకాల పెద్ద వరస ఉండటంతో ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

డబ్బా ఆగలేదు. చివర్లో దూరం నుంచి ఇంకో గొంతు. ముక్కుతో హుమ్మని, నెమ్మదిగా: “ఊరుకోరా కూర్మం, ఆడు సూత్తన్నాడు.”

అన్న. ఎక్కిన రోజున వరసలో నా వెనక నిలబడి, యంత్రం దగ్గరి ఉద్యోగి చూస్తున్నాడని అన్న మాట. అలా అన్నాడని నాకే గుర్తులేదు.

వదిన డబ్బా వైపు చూసింది. “మళ్ళీ ఎయ్యి బాబూ,” అంది.

“గుర్తింపు అయిపోయిందండీ, అతిథిగారూ.”

“గుర్తింపు కాదు. ఆ మాట మళ్ళీ ఎయ్యి.”

నేను చేసిన వెధవ పని వల్ల ఈ మనిషి దిగలేకపోయింది. ఆ పక్కన ఇది కూడా రాస్తున్నాను: దిగలేకపోయిన సంగతి ఆవిడ అప్పటికే మర్చిపోయింది.


విహారం 1,619వ రోజు

వదిన రోజూ కౌంటరుకి వెళ్తోంది. ‘నా నవ్వు నాది కాదని అనుమానంగా ఉంది, మళ్ళీ వినిపించగలరు’ అని అర్జీ పెడుతుంది. అర్జీ పెడితే వినిపించక తప్పదు, అది రూలు. రాసిచ్చేది నేనే. ఇప్పటికి ఎనిమిది అర్జీలు.

బల్ల మీద మోచేతులు పెట్టి వింటుంది. మేక, తన నవ్వు, నా నవ్వు అయ్యేదాకా గోళ్ళు చూసుకుంటుంది. అన్న మాట వచ్చేసరికి మెడ వంచుతుంది. పెదాలు కూడా కదుపుతుంది.

“తప్పు దిద్దించుకోవడానికి వీలుందా బాబూ?” అని నేనడిగాను, ఈవిడ అడగదు కాబట్టి.

“దిద్దుతారు.”

“ఎక్కడో నేను చెప్తాను, మీరు శ్రమపడకండి,” అన్నాను.

బెహరా గారు తల దించుకున్నాడు. వాడి బల్ల మీద వదిన అర్జీలన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి లేచే ముందు, అర్జీ లేకుండానే, ఇంకోసారి వేశాడు.

నవ్వించిన సంగతి: తవుడు ఏనుగుకి పండు మెత్తగా చేసి పెట్టాడు. దానికి పళ్ళు లేవని ఇప్పుడే గమనించాడట.


విహారం 1,631వ రోజు

మళ్ళీ భావనపాడు. మళ్ళీ నిచ్చెన. ఈసారి కొంగలు కూడా లేవు.

వదిన పైకి రాలేదు. కాళ్ళు నీరు పట్టి పూర్తిగా నిండిపోయి నడవలేకపోతోంది. డయాలసిస్ వంతు నిన్న రావాల్సింది, మిషన్ నీళ్ళు వదిలేసి ఆగిపోయిందట. నోరంతా వాసన వేస్తోందని నాకు మొహం తిప్పి మాట్లాడుతోంది. నేను కావాలని ఎదురుగా వెళ్ళి కూర్చుంటున్నాను.

ఓడ కదిలాక బెహరా గారు తువ్వాళ్ళ గదికే వచ్చాడు. ఎప్పుడూ రాడు. ఒక హంసని చేతిలోకి తీసుకుని మెడ సరిచేస్తూ నిలబడ్డాడు.

“1,639న ఆవిడ గదిలో ఉన్నప్పుడు మీరు తెర వెనక నిలబడి నవ్వండి. ఆ పాత నవ్వులో మీదే గట్టిది, అదొక్కటి పడినా యంత్రానికి సరిపోతుంది. నేను అటు చూడను.”

“ఇంత మంచి మాట అంత మెల్లగా చెప్తున్నారంటే వెనకాల ఇంకోటి ఉండాలి.”

“ఉంది. మీ నవ్వు విడిగా మీ కార్డు మీద కూడా ఉంది కదా. ఒకే నవ్వు మీద ఇద్దరు దిగడానికి లేదు. ఆవిడ దాని మీద దిగిపోయారంటే మీ కార్డు నకలు అవుతుంది, కొట్టేస్తారు.”

“కొట్టేసుకోమనండి. భావనపాడులో దిగడానికి నాకేమీ తొందర లేదు.”

“అది కాదు కూర్మారావు గారూ.” అతిథిగారూ అనడం మర్చిపోయాడు. “నడవాల్లో చెవులున్నాయి. దిగిపోయిన మనిషి నవ్వు ఓడలో వినిపిస్తే, ఆవిడ దిగలేదని, దిగిన మనిషి వేరెవరో అని రేవుకి కబురు వెళ్తుంది. ఆసుపత్రి మంచం మీద ఉన్నా సరే లేపి ఓడకి పంపిస్తారు. ఆవిడ అక్కడున్నన్నాళ్ళూ మీరిక్కడ నవ్వకూడదు. ఒక్కసారి కూడా.”

నేను హంసని వాడి చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడత పెట్టాను. మెడ పాడుచేశాడు.

“ఆవిడకి చెప్పకండి,” అన్నాను.

నవ్వించిన సంగతి: ఈ ఓడలో నవ్వకూడదని మొట్టమొదట ఆజ్ఞ పడింది నాకు. ఇందుకు కూడా నవ్వొచ్చింది. వారం రోజులే ఉంది కదా అని ఆపుకోలేదు.


విహారం 1,639వ రోజు

వదినని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. మూట ఒడిలో పెట్టుకుంది. రెండు చీరలు, అన్న చొక్కా ఒకటి, నేను చేసిన తువ్వాలు మేక. మేకని మడత విప్పనివ్వలేదు.

“నువ్వూ నవ్వాలంట గదా,” అంది దారిలో.

“అవును. నీ నవ్వులో సగం వాటా నాది. నీ ఆస్తిలో ఇంకేమీ రాలలేదు.”

“నాను దిగినాక నిన్నెప్పుడు పంపుతారు?”

“వెనకాల వచ్చే ఓడకి.”

“అబద్ధం.”

“అబద్ధమే. నువ్వు పద.”

గదిలోకి పంపి నేను తెర వెనక నిలబడ్డాను. బెహరా గారు గోడకేసి తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మేకలా అరిచాను. ఏమీ లేదు. తెర సందులోంచి నా వైపే చూస్తోంది వదిన, అంతే. ఇంకోసారి అరిచాను. అన్న పెళ్ళిలో పంతులుగారు మేకని ‘అమ్మా, కనిపించిందా’ అని అడగడం చేసి వినిపించాను. ఏమీ లేదు. అదే పెళ్ళిలో మా పిన్నమ్మ గారెల గిన్నెలో కూర్చోవడం చెప్పాను. యంత్రం మీద ఎర్ర దీపం కొట్టుకుంటోంది. దొంగ నవ్వు ఒకటి నవ్వాను. “నవ్వు సహజంగా లేదు,” అంది యంత్రం. ముప్పయ్యేళ్ళు ఊళ్ళో వాళ్ళందర్నీ నవ్వించి, కావాల్సిన పూట నాకు రాలేదు.

“నాకు రావట్నేదు కూర్మం,” అంది వదిన తెర ఇవతలికి వినపడేట్టు. “ఎంత పీకినా లోపల ఏమీ నేదు.”

చెంపలు తుడుచుకుంటున్నాను. బయట వరసలో ఎవరో దగ్గారు. అయిపోయింది అనుకున్నాను. కుర్చీని వెనక్కి లాగడానికి తెర పక్కకి తీశాను కూడా.

అప్పుడు వదిన మెడ నా వైపు తిప్పింది. ముక్కుతో హుమ్మంది. బెహరా గారి వీపు వైపు కళ్ళతో చూపించి, అన్న గొంతుతో, అన్న నెమ్మదితో, ఒక్క అక్షరం తేడా లేకుండా అంది:

“ఊరుకోరా కూర్మం, ఆడు సూత్తన్నాడు.”

ఇరవై అర్జీలు పెట్టి విన్న మాట అది. ఆ ఉబ్బిన మొహంలోంచి అన్న బయటికి వచ్చి నన్ను కసిరినట్టయింది. బెహరా గారేమో అసలు చూడటమే లేదు. నాకు పొట్టలోంచి వచ్చేసింది. తెర పట్టుకుని నవ్వాను. తెర కొక్కేల్లోంచి ఊడి మీద పడింది, తెరతో సహా నవ్వాను. ఎక్కడో మధ్యలో అది ఏడుపైంది. యంత్రానికి అప్పటికే చాలు.

“సరిపోయింది. స్వాగతం, దాలమ్మ గారూ. మీ విహారం ఆనందంగా సాగిందని ఆశిస్తున్నాం.”

వదిన మాత్రం నవ్వలేదు. తన గుర్తింపులో తను ఒక్క నవ్వు కూడా వెయ్యలేదు.

రేవు మనుషులు కుర్చీ పట్టుకున్నారు. గీత దాటే ముందు వెనక్కి తిరిగింది.

“ముద్ద సరిగా తిను. తవుడిగాడి పండు తినకు, ఆడు సిక్కిపోతన్నాడు.”

తలుపు మూసుకుంది. ఈ రోజు నన్ను నవ్వించిన సంగతి పైన రాశాను. చివరిది కాబట్టి కొంచెం పొడుగ్గా రాశాను.


విహారం 1,646వ రోజు

ఈ పూటతో ఓడలో ఎవరి కార్డుకీ ఆరు నెలలు లేవు. మైకులో ఆడగొంతు అందరికీ శుభాకాంక్షలు చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

నా కార్డు కొట్టేశారు. కార్డు లేని మనిషికి భోజనం లేదు, మంచం లేదు. బెహరా గారు రెండు రోజులు రూళ్ళ పుస్తకం తిరగేసి చివరికి దారి కనిపెట్టాడు. దిగిపోయిన యాత్రికురాలు దాలమ్మ వదిలేసి వెళ్ళిన సామాను అని నన్ను నమోదు చేశాడు. సామానుకి చోటివ్వాలి. పాడవకుండా చూడాలి. అన్నం పెట్టడం అందులోకి వస్తుందని వాదించి ఒప్పించాడట. నా చొక్కాకి చీటీ కట్టారు: ‘జాగ్రత్త, పగులును’.

తవుడు చదివి, “ఎక్కడ పగిలావురా?” అన్నాడు, ఆదుర్దాగా, నా వీపు తడిమి చూస్తూ.

నేను వెళ్ళి సబ్బునీళ్ళ తొట్టిలో తల ముంచాను. అందులో నవ్వితే చెవులకి వినపడదేమో అనుకున్నాను. ముంచాక నవ్వడానికి ధైర్యం చాలలేదు.


విహారం 1,667వ రోజు

ఏడో రేవు. మూసి ఉన్న తలుపు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. దాలమ్మ కబురు ఏమైనా ఉందా అని బెహరా గారి చేత అడిగించాను. రోగుల కబురు బంధువులకి చెప్తారట, సామానుకి చెప్పరట.

ఆవిడ ఉంటే నేను నవ్వకూడదు. ఆవిడ లేకపోతే నవ్వొచ్చు. ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. కాబట్టి నవ్వకూడదు.

రోజు మొత్తానికి నవ్వులు నూట పదికి పడిపోయాయి. పైవాళ్ళు కంగారుపడుతున్నారు. నన్ను పిలిచి పాత చేష్టలు ఏమైనా చెయ్యమన్నారు. పీతలు చేసి కుర్చీల మీద పెట్టాను. అవతలివాళ్ళు ఎగిరిపడుతున్నారు, నేను గోడకేసి తిరిగి నిలబడుతున్నాను. వాళ్ళకంటే ముందు నవ్వేవాడు లేక వాళ్ళకి కూడా సరిగ్గా రావట్లేదు.


విహారం 1,695వ రోజు

మళ్ళీ ఏడో రేవు. మళ్ళీ కబురు లేదు.

ఓడ వదిలాక తువ్వాళ్ళ గదిలో కూర్చుని ఉంటే తవుడు వచ్చాడు. మంచం మీది ఏనుగుని రెండు చేతుల్లో పసిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. తొండం వేలాడుతోంది. వదిన వెళ్ళినప్పటి నుంచి నేను వాడి పండు ముట్టుకోవడం లేదు. దాంతో ఏనుగు ముందు పండు అలాగే మిగిలిపోతోందని నాకు తట్టలేదు.

“కూర్మం, దీని సంగతేటో సూడు,” అన్నాడు. “రెండు నెల్లయింది పండు ముట్టి. డాక్టరమ్మ దగ్గరికి అట్టుకెళ్ళాను.”

“ఏమంది?” అన్నాను, పళ్ళ మధ్య నుంచి.

“ఏమీ అనకుండా తలుపేసుకుంది.” ఏనుగు పొట్ట మీద రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. గొంతు తగ్గించాడు. “దీనికీ కిడ్నీలే అంటావా?”

చేతికి దొరికిన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. తడిది, సబ్బు రుచి. తలుపు బయట నడవాలో చెవి డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతోంది. పక్కటెముకలు లోపల్నుంచి గుద్దుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తవుడు ఏనుగుని బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి నా వీపు నిమిరాడు.

“ఏడవకు. దిగే రోజొస్తాది, అప్పుడు సూపిద్దాం పెద్దాసుపత్రిలో,” అన్నాడు.

తువ్వాలు ఇంకొంచెం లోపలికి తోసుకున్నాను. ఎంతసేపో తెలీదు. దీపం పచ్చగానే ఉంది.

ఈ రోజు మిమ్మల్ని నవ్వించిన సంగతి ఒకటి రాయండి.

ఏమీ లేదు.